శిక్ష పూర్తయింది, మరి రికార్డు?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ రెండో ఏడాదిలో ఉండగా తిరునాళ్లలో ప్రభల దగ్గర కర్రలతో కొట్టుకున్నారు. ఒకతని తల పగిలింది. కేసు ఐదేళ్లు నడిచి, మావాడికి ఆరు నెలల జైలు శిక్ష పడింది. పూర్తి చేసి వచ్చాడు. ఈమధ్యే దూరవిద్యలో డిగ్రీ పాసయ్యాడు. కానిస్టేబుల్ పరీక్ష రాస్తానంటున్నాడు. రికార్డు క్లియర్ చేయిస్తానని తెలిసినాయన ఒకరు 40 వేలు అడుగుతున్నారు. ఇవ్వమంటారా? - ఒక తండ్రి

జవాబు: ఆ డబ్బు ఇవ్వకండి. శిక్ష అనుభవించి వచ్చాక దరఖాస్తు పెట్టుకుంటే రికార్డు తుడిచేసే పద్ధతి, నేరం నాటికి 18 నిండినవాళ్లకు మన దేశంలో లేదు. స్టేషన్లో ఎవరైనా ఓ కాగితం మాయం చేసినా కోర్టులో తీర్పు అలాగే ఉంటుంది.

మీ ఉత్తరంలో నన్ను ఆపింది 'ఇంటర్ రెండో ఏడాది' అన్న మాట. ఇప్పుడే బీరువాలోంచి బాబు టెన్త్ మెమో తీయండి. పుట్టిన తేదీ పక్కన గొడవ జరిగిన తేదీ రాసి లెక్క చూడండి. తీర్పు వచ్చిన రోజు వయసుతో పనిలేదు, గొడవనాటి వయసే లెక్క. ఆ రోజుకి 18 నిండకపోతే, కేసు పూర్తిగా ముగిశాక కూడా ఆ విషయం కోర్టు ముందు పెట్టవచ్చని 2015 జువెనైల్ జస్టిస్ చట్టంలోని 9వ సెక్షన్ చెబుతోంది. వయసుకి మొదట చూసేది స్కూలు రికార్డు, టెన్త్ సర్టిఫికెట్టే. ఎఫ్ఐఆర్‌లో 19 అని అంచనాగా రాసి ఉన్నా కంగారు పడకండి.

దీనికింత పట్టుబట్టడానికి కారణం 24వ సెక్షన్. మైనరుగా చేసిన తప్పు వల్ల ఉద్యోగానికో చదువుకో అనర్హత రాకూడదని, అప్పీలు గడువు దాటాక ఆ రికార్డు ధ్వంసం చేయాలని అందులో ఉంది. 16 దాటినవాళ్లు ఘోరమైన నేరాలు చేస్తే మినహాయింపు ఉంది కానీ, మీరు చెప్పిన కొట్లాట మామూలుగా ఆ కోవలోకి రాదు.

18 నిండి ఉంటే దారి అప్పీలు. గడువు ఎప్పుడో దాటింది, నిజమే. ఆలస్యానికి సరైన కారణం చూపిస్తే కోర్టు మన్నించవచ్చు. శిక్ష అనుభవించేశాడు కదా ఇంకెందుకని వదిలేయకండి. అప్పీల్లో నిర్దోషి అని తేలితే శిక్ష పడినవాడన్న ముద్రే పోతుంది. ఏ దారికైనా ముందు తీర్పు సర్టిఫైడ్ కాపీ కావాలి. లాయర్ ఫీజు భారమైతే జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. ఆదాయ పరిమితిలో ఉన్నవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఉచితంగా లాయర్‌ని ఇస్తారు.

ఇక కానిస్టేబుల్ సంగతి. తీర్పు అలాగే ఉంటే పోలీసు ఉద్యోగం చాలా కష్టం. కోచింగ్‌కి అప్పు చేసేముందు ఇది తేల్చుకోండి. ఏ ఉద్యోగమైనా అటెస్టేషన్ ఫారంలో 'శిక్ష పడిందా?' అన్నచోట దాచవద్దు. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయమే తేల్చింది: నిజం రాసినా తీసుకోవాలా వద్దా అన్నది యజమాని ఇష్టమే, దాచి దొరికితే మాత్రం వచ్చిన ఉద్యోగం కూడా పోవచ్చు.

డిగ్రీ ఉంది కాబట్టి లాసెట్ రాసి మూడేళ్ల ఎల్ఎల్‌బీ చేయడం గురించీ బాబుతో మాట్లాడండి. నైతికంగా హీనమైన నేరమని తేలినా, విడుదలైన రెండేళ్లకు లాయరుగా నమోదుకు ఆ అడ్డు తొలగుతుందని అడ్వకేట్స్ చట్టంలో ఉంది. చదువు పూర్తయ్యేసరికి ఆ గడువు ఎలాగూ దాటుతుంది. పాస్‌పోర్టుకూ టెన్షన్ పడకండి. శిక్ష కారణంగా నిరాకరించే నిబంధన రెండేళ్లు, అంతకు పైబడిన శిక్షలకే.

ఈ వారంలో బాబుని వెంటబెట్టుకుని కోర్టుకు వెళ్లి కాపీకి దరఖాస్తు పెట్టండి. వాడొక్కణ్ణే పంపకండి. ఆ మెట్లు మళ్లీ ఎక్కేటప్పుడు మీరు పక్కన ఉండాలి.