పసుపు సంచిలో వేయకూడనివి

ప్రశ్న: కూకట్‌పల్లిలో మాది చిన్న నర్సింగ్ హోమ్. ఆసుపత్రి వ్యర్థాలు తీసుకెళ్లే బండి వాళ్లు ఈమధ్య మా పసుపు సంచి ఒకటి ఎత్తగానే, లోపల ఏవో డబ్బాలు తగులుతున్నాయని తిప్పి పంపారు. అందులో పాత పాదరసం బీపీ మిషన్, ఖాళీ స్ప్రే డబ్బాలు, సెలైన్ ట్యూబులు ఉన్న మాట నిజమే. ఎలాగూ కాల్చేసే చెత్తకు ఇంత పట్టింపు దేనికి?
- ఒక పాఠకురాలు

జవాబు: వాళ్లు చేసినది సబబే. నిప్పు క్రిములను చంపుతుంది, రక్తపు దూదిని బూడిద చేస్తుంది. పాదరసాన్ని మాత్రం ఏమీ చేయలేదు. 357 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరిగే ఆ లోహం, మొదటి గదిలోనే కనీసం 800 డిగ్రీలు ఉండే కొలిమిలో పడితే ఆవిరై పొగలో కలుస్తుంది. పొగను కడిగే ఏర్పాటు దానిలో కొంత భాగాన్నే ఆపగలదు, ఆపినది కూడా కడిగిన నీటిలోకే చేరుతుంది. స్ప్రే డబ్బా సంగతి మరీ సూటిగా ఉంటుంది: మనం ఖాళీ అనుకున్న డబ్బాలో మిగిలిన గ్యాసు వేడికి పేలి, కొలిమి లోపలి ఇటుకలనే కాక, తలుపు దగ్గర సంచులు వేసే మనిషిని కూడా గాయపరచవచ్చు.

అసలు చిక్కు మీరు తేలికగా తీసుకున్న సెలైన్ ట్యూబులతోనే. వాటిలో చాలా వరకు పీవీసీతో, అంటే క్లోరిన్ ఉన్న ప్లాస్టిక్‌తో తయారవుతాయి. అది కాలినప్పుడు వచ్చే ఆమ్లపు పొగ యంత్రాలను తినేయడం ఒక ఎత్తయితే, పొగ చల్లబడే దారిలో, సుమారు 200 నుంచి 450 డిగ్రీల మధ్య, డయాక్సిన్లనే విషాలు ఏర్పడడం మరొక ఎత్తు. పొగను మళ్లీ కాల్చే కొలిమి రెండో గదిలో 1050 డిగ్రీల వేడి ఉన్నా, ఆ తరువాత పొగను చప్పున చల్లార్చకపోతే అవి మళ్లీ పుడతాయి. అందుకే 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనలు ట్యూబులను, క్యాథెటర్లను, యూరిన్ బ్యాగులను ఎర్ర సంచిలో వేయమన్నాయి. వాటిని ఆవిరితో శుద్ధి చేసి, ముక్కలు చేసి, తిరిగి వాడకానికి పంపుతారు. చాలాచోట్ల ఆయాలు డ్రెస్సింగ్ ట్రేలోని రక్తపు దూది మీద శుభ్రత కోసమని హైపో అనే క్లోరిన్ ద్రావణం గుమ్మరించి, ఆపైన పసుపు సంచి మూతి కడతారు. ఉద్దేశం మంచిదే కానీ, కాల్చవలసిన దానికి క్లోరిన్ మందు పట్టించడం ఆ నిబంధనల ప్రకారం నిషిద్ధం.

ఎక్స్‌రే ఫిల్ములలో వెండి ఉంటుంది కనుక వాటినీ వేయకండి. గడువు తీరిన క్యాన్సర్ మందులను తయారీదారుకు తిప్పి పంపాలి, లేదా 1200 డిగ్రీలకు పైగా వేడి ఉన్న చోటే కాల్పించాలి. అణుధార్మిక వ్యర్థాలు అసలు ఈ నిబంధనల పరిధిలోకే రావు. ఎంత వేడి చేసినా వాటి ధార్మికత తగ్గదు.

ఇక వెనక్కి వచ్చిన సంచి సంగతి. సూదులు ఉండవచ్చు కాబట్టి దాన్ని ఒట్టి చేతులతో కెలకనివ్వకండి. మందపాటి గ్లవుజులు, పట్టకారు వాడి, పెద్ద ట్రేలో విప్పించండి. బీపీ మిషన్ పగలకపోతే గట్టి మూత ఉన్న డబ్బాలో భద్రపరచి, దుండిగల్‌లో ఉన్నటువంటి ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి అప్పగించండి. పగిలి పాదరసం దూదిలో కలిసి ఉంటే ఆ సంచిని వేరుగా మూసి పెట్టి, కాలుష్య నియంత్రణ మండలికి తెలియజేసి, వారు చెప్పినట్టు చేయండి.