‘చంపబడతాయి’ అనవచ్చా?

సందేహం: పిల్లల కోసం రోగనిరోధక శక్తి మీద వ్యాసం రాస్తున్నాను. రోగాలతో పోరాడే టి కణాలు (ఒక రకం తెల్ల రక్తకణాలు) ఛాతీలోని థైమస్ గ్రంథిలో ఎదుగుతాయి కదా. ‘థైమస్‌లో టి కణాలు యాంటిజెన్‌ను చూపే కణాలచేత పరీక్షించబడతాయి, పనికిరానివి చంపబడతాయి’ అని రాస్తే, ‘బడు’ ఎక్కువైందని మిత్రుడు అంటున్నాడు. ఇది తప్పా?

సమాధానం: వ్యాకరణం ప్రకారం తప్పు కాదు. కర్మణి ప్రయోగంలో ‘బడు’ ఎప్పటినుంచో ఉన్నదే. వాడుకలో మాత్రం అది ఇమడదు. ‘ఇల్లు అద్దెకు ఇవ్వబడును’ అని బోర్డు పెట్టినాయన కూడా నోటితో ‘అద్దెకిస్తాం’ అనే అంటాడు.

మీ వాక్యంతో అసలు చిక్కు శైలిది కాదు, అర్థానిది. ‘చంపబడతాయి’ అంటే చంపేదొకటి ఉండాలి. పైగా ‘కణాలచేత’ అని ముందే అన్నారు కాబట్టి, యాంటిజెన్‌ను (అంటే టి కణం గుర్తుపట్టే ప్రొటీన్ ముక్కను) చూపే కణమే టి కణాన్ని చంపుతుందని పిల్లలు అనుకుంటారు. జరిగేది అది కాదు.

ఎముక మజ్జ నుంచి వచ్చిన ముడి కణాలు మొదట థైమస్ వెలుపలి భాగంలో ఎదుగుతాయి. అక్కడి ఎపిథీలియల్ కణాలు (థైమస్ సొంత కణాలు) మన సొంత ప్రొటీన్ల ముక్కలను ఎంహెచ్‌సి అనే పళ్లెంలాంటి అణువుల మీద ఉంచి చూపిస్తాయి. వాటిని ఎంతోకొంత పట్టుకోగలిగిన టి కణం బతుకుతుంది. అసలు పట్టుకోలేనిదాన్ని ఎవరూ ఏమీ చెయ్యరు. బతకమనే సంకేతం అందక అదే చనిపోతుంది.

లోపలి భాగంలో పరీక్ష తిరగబడుతుంది. అక్కడి ఎపిథీలియల్ కణాలు ఎయిర్ అనే జన్యువు సాయంతో, క్లోమంలో తయారుకావలసిన ఇన్సులిన్ లాంటివాటిని కూడా కాస్త తయారుచేసి చూపిస్తాయి. యాంటిజెన్‌ను చూపడమే పనిగా ఉన్న డెండ్రైటిక్ కణాలూ ఓ చెయ్యి వేస్తాయి. సొంత ప్రొటీన్‌ను మరీ గట్టిగా పట్టుకున్న టి కణం (బతికితే మన ఒంటినే దెబ్బతీసేది) తనను తానే అంతం చేసుకుంటుంది. అలాంటి వాటిలో కొన్ని చావకుండా, అలాంటి దాడిని అదుపుచేసే నియంత్రక టి కణాలవుతాయి. 2025 వైద్య నోబెల్ ఈ నియంత్రక కణాల గుట్టు విప్పినవారికే దక్కింది.

చూపేది ఒకటి, చనిపోయేది మరొకటి. ఈ తేడా చెప్పడానికి తెలుగులో ఆరు–ఆర్పు, తెగు–తెంచు, చచ్చు–చంపు లాంటి జంటలు సిద్ధంగా ఉన్నాయి. మీకు కావలసింది ప్రతి జంటలోనూ మొదటిది, దానంతటదే జరిగేది. అన్నట్టు, పైన నేను వాడిన ‘తిరగబడు’ కర్మణి కాదు. ‘బయటపడు’, ‘భయపడు’ కూడా అంతే, వాటిని కొట్టెయ్యకండి.

నేనైతే ఇలా రాస్తాను: ‘థైమస్‌లో కొన్ని కణాలు యాంటిజెన్‌ను చూపిస్తాయి. దాన్ని ఎంత గట్టిగా పట్టుకుందన్న దాన్నిబట్టి టి కణం బతుకుతుంది, లేదా చనిపోతుంది. చనిపోయినవాటిని మాక్రోఫేజ్‌లు అనే కణాలు మింగేస్తాయి.’ చివరి వాక్యంలో చేసేవారు నిజంగానే ఉన్నారు, అందుకే వాళ్లనే కర్తగా పెట్టాను. అక్కడా ‘మింగబడతాయి’ అవసరం రాలేదు.