కొత్తగా ఆశ కార్యకర్తగా చేరిన బిడ్డకు

చిరంజీవి బిడ్డకు ఆశీస్సులు.

నర్సంపేట వైపు పల్లెల్లో మానసిక అనారోగ్యం ఉన్నవారికి ఆరోగ్యశ్రీ అందేలా చూడాలనుకుంటున్నానని రాశావు. ఏఎన్ఎంగా ముప్పై ఏళ్లు తిరిగినదాన్ని గనుక నాకు తెలిసింది చెబుతాను.

ముందుగా ఇంటివాళ్ల ఆహార భద్రత కార్డు, అంటే రేషన్ కార్డు, అడిగి చూడు. అన్నదమ్ములు వేరుపడి కార్డులు విడదీసుకున్నప్పుడు, జబ్బుపడిన వాడి పేరును ఎవరూ తమ కార్డులో రాయించుకోరు. ఆరోగ్యశ్రీ కింద కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయల వరకు వైద్యం అందుతున్నా (2023 డిసెంబరుకు ముందు అది 5 లక్షలే), కార్డులో పేరు లేని మనిషికి అది అక్కరకు రాదు. పేరు చేర్పించడానికి మీసేవలో దరఖాస్తు పెట్టాలి. అంతకన్నా ముందు ఆధార్ సరిగ్గా ఉండాలి.

చిక్కంతా అక్కడే వస్తుంది. పరకాల దగ్గర ఒకతన్ని మూడుసార్లు ఆధార్ కేంద్రానికి తీసుకెళ్లాను. మందుల వల్ల చేతులు వణికి వేలిముద్ర పడలేదు, కంటిపాప తీద్దామంటే యంత్రం వెలుగు చూసి తల తిప్పుకున్నాడు. పైగా అక్కడి ఉద్యోగి అతని ముందే "పిచ్చోడికి కార్డెందుకు" అన్నాడు. ఆ మాట అతనికి బాగానే వినబడింది. రెండు నెలలు గడప దాటలేదు. మూడోసారి జనం లేని పొద్దుటి పూట వెళ్లాం. ముందు వాళ్లమ్మ కూర్చుని కళ్లు చూపించింది, తర్వాత అతను కూర్చున్నాడు. అందుకే చెబుతున్నాను, ఎక్కడికి, ఎందుకు వెళ్తున్నామో ముందే అతనికి చెప్పి, ఒప్పుకున్న రోజే బయలుదేరు.

కార్డు వచ్చేదాకా మందులు ఆపనివ్వకు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 18వ సెక్షన్ ప్రకారం, దారిద్ర్యరేఖకు దిగువనున్న వారికి కార్డు ఉన్నా లేకున్నా ప్రభుత్వ మానసిక వైద్యశాలల్లో చికిత్స ఉచితం. వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక విభాగం ఉంది. రాత్రిపూట అయితే మానసిక సమస్యలకు ఫోన్లో సలహా ఇచ్చే ప్రభుత్వ సేవ టెలిమానస్ 14416కు ఫోన్ చేయించు.

మరి కార్డు ఎందుకంటావేమో. గుండె నొప్పి వచ్చిందన్నా, కాలు విరిగిందన్నా అదంతా పిచ్చిలో భాగమేనని ఇంటివాళ్లు కొట్టిపారేయడం నేను ఎన్నోసార్లు చూశాను. అలాంటప్పుడు ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ పని చూసే ఆరోగ్యమిత్ర ముందు పెట్టడానికి చేతిలో కార్డుంటే, డబ్బు లేదనే సాకు ఉండదు.

దరఖాస్తు రసీదు నకలు నీ దగ్గర ఒకటి ఉంచుకో. వచ్చే వారం వెళ్లబోయే ఇంట్లో అతన్ని ఊరు పెట్టిన పేరుతో కాక, ఆధార్‌లో ఉన్న పేరుతోనే పిలువు.

ఇట్లు,
నీ పెద్దమ్మ