పోస్ట్‌గ్రెస్ 18కి మారేముందు: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా బిల్లింగ్ డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ (డేటాబేస్ సాఫ్ట్‌వేర్) 13 మీద నడుస్తోంది, సైజు 400 జీబీ. 18కి పోవాలా, 16 దగ్గర ఆగితే మంచిదా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: 13కి ప్యాచ్‌లు (తప్పుల సవరణలు) 2025 నవంబరుతో ఆగిపోయాయి. ఏ పెద్ద వెర్షన్‌కైనా ఐదేళ్లే ఆయుష్షు. 16 ఎక్కితే 2028లో మళ్లీ ఇదే తంతు. నేరుగా 18కి వెళ్లండి, మధ్యలో మజిలీలు అక్కర్లేదు.

చాలామందికి దెబ్బ తగిలేది చెక్‌సమ్ (డిస్కులో డేటా పాడైతే పసిగట్టే లెక్క) దగ్గర. 18లో కొత్త క్లస్టర్‌ని (సర్వర్ డేటా ఉండే చోటుని) సృష్టించే ఇనిట్‌డీబీ వాటిని అడక్కుండానే ఆన్ చేస్తుంది. పాత క్లస్టర్‌లో అవి ఆఫ్‌లో ఉంటే వెర్షన్ మార్చే టూల్ పీజీ_అప్‌గ్రేడ్ తనిఖీలోనే ఆగిపోతుంది. ముందు పాత సర్వర్‌లో 'షో డేటా_చెక్‌సమ్స్' కొట్టి చూడండి. ఆఫ్ అని వస్తే, సర్వర్ ఆపి పీజీ_చెక్‌సమ్స్‌తో ఆన్ చేయొచ్చు. కానీ అది 400 జీబీలో ప్రతి పేజీనీ ముట్టుకుంటుంది, డిస్కు నెమ్మదైతే గంటలు పడుతుంది. అంత టైము లేకపోతే కొత్త క్లస్టర్‌ని 'నో-డేటా-చెక్‌సమ్స్'తో పెట్టుకుని, చెక్‌సమ్ సంగతి తర్వాత చూసుకోండి.

తర్వాత పీజీ_అప్‌గ్రేడ్‌ని 'చెక్' ఆప్షన్‌తో నడపండి. పోస్ట్‌జీఐఎస్ (మ్యాపుల డేటా కోసం) లాంటి ఎక్స్‌టెన్షన్లు కొత్త వెర్షన్‌కి ఇన్‌స్టాల్ కాకపోతే ఇక్కడే తెలుస్తుంది. 'లింక్' మోడ్‌లో ఫైళ్లు కాపీ కావు కనుక పని నిమిషాల్లో అయిపోతుంది. అయితే కొత్త సర్వర్ ఒక్కసారి స్టార్ట్ అయిందంటే పాతదానికి తిరిగి రాలేరు, బ్యాకప్ ఒక్కటే దిక్కు. ఇదివరకు అప్‌గ్రేడ్ అయ్యాక ప్లానర్ స్టాటిస్టిక్స్ (క్వెరీని ఎలా నడపాలో తేల్చడానికి వాడే గణాంకాలు) ఖాళీ అయిపోయి, సోమవారం పొద్దున క్వెరీలన్నీ కూలబడేవి. 18 వాటిని మోసుకొస్తుంది. ఎక్స్‌టెండెడ్ స్టాటిస్టిక్స్ (కాలమ్‌ల మధ్య సంబంధాల గణాంకాలు) మాత్రం రావు, వాటికి గణాంకాలను మళ్లీ లెక్కగట్టే అనలైజ్ నడపాల్సిందే.

ఓఎస్ అప్‌గ్రేడ్‌ని మాత్రం అదే రాత్రి పెట్టుకోవద్దు. ఉబుంటు 18.04 నుంచి 20.04కి మారితే జీలిబ్‌సీలో (లినక్స్ మూల లైబ్రరీలో) అక్షర క్రమమే మారుతుంది. టెక్స్ట్ ఇండెక్స్‌లు (వెతకడానికి వరస పెట్టిన జాబితాలు) పాత క్రమంలోనే ఉండిపోతాయి. టేబుల్‌లో కస్టమర్ ఉంటాడు, పేరుతో వెతికితే దొరకడు. యూనిక్ కాలమ్‌లోకి డూప్లికేట్లు దూరతాయి. మందు ఒక్కటే: రీఇండెక్స్, అంటే ఇండెక్స్‌లను మళ్లీ కట్టడం.

ప్రశ్న: 18లో అసింక్ ఐఓ (డిస్కు పని పూర్తయ్యేదాకా ఆగకుండా సాగే పద్ధతి) వచ్చింది, అంతా మూడు రెట్లు వేగం అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అంతా కాదు. ప్రస్తుతానికి అది చదవడానికే, అదీ సీక్వెన్షియల్ స్కాన్ (టేబుల్ మొత్తం చదవడం), బిట్‌మ్యాప్ హీప్ స్కాన్ (ఇండెక్స్ చూపిన పేజీలు చదవడం), వాక్యూమ్ (పనికిరాని వరసల శుభ్రం)లకే. డేటా మొత్తం ర్యామ్‌లో పట్టేస్తే తేడా కనబడదు. క్లౌడ్ డిస్కుల మీద పెద్ద రిపోర్టులు నడిపేవాళ్లకే అసలు లాభం. 'ఐఓ_మెథడ్' డిఫాల్ట్‌గా వర్కర్, అంటే చదివే పని వేరే ప్రాసెస్‌లకి అప్పగించడం. మొదట ఉండే మూడు వర్కర్లు చాలకపోతే 'ఐఓ_వర్కర్స్' పెంచి కొలవండి.

రాతలకూ ఇండెక్స్ స్కాన్‌లకూ దీన్ని విస్తరించే పని సాగుతోంది. కనెక్షన్‌కొక ప్రాసెస్ బదులు థ్రెడ్‌లు వాడాలన్న ప్రయత్నమూ ఉంది కానీ, ముప్పై ఏళ్ల నాటి గ్లోబల్ వేరియబుల్స్ అన్నిటినీ సర్దాలి. ఒకటి రెండు వెర్షన్లలో తెమిలేది కాదు. అందాకా కొన్ని కనెక్షన్లనే అందరికీ పంచే పీజీబౌన్సర్ తప్పదు.

ప్రశ్న: తెలుగు పేర్లు అక్షరక్రమంలో రావడం లేదు. తెలుగులో ఫుల్ టెక్స్ట్ సెర్చ్ ఎప్పుడొస్తుంది?
– ఒక పాఠకుడు, డల్లాస్

జవాబు: మీ డేటాబేస్ 'సీ' లోకేల్‌లో (భాషా నియమాల సెట్టింగ్‌లో) ఉన్నట్టుంది. అందులో యూనికోడ్ నంబరే వరస, అందుకే 'ళ' వచ్చి 'వ' కంటే ముందు కూర్చుంటుంది. కాలమ్‌కి 'టీఈ-ఎక్స్-ఐసీయూ' కొలేషన్ (తెలుగు అక్షరక్రమ నియమం) ఇచ్చి, ఇండెక్స్ కూడా దానితోనే కట్టండి. రెండూ వేరైతే సార్టింగ్‌కి ఆ ఇండెక్స్ పనికిరాదు.

సెర్చ్ సంగతికొస్తే, తమిళానికీ హిందీకీ నేపాలీకీ స్టెమ్మర్లు (మాట నుంచి మూలపదం తీసేవి) ఉన్నాయి, తెలుగుకి లేదు. మూలపదం తీయని 'సింపుల్' కాన్ఫిగరేషన్‌కి 'ఊరు', 'ఊరికి', 'ఊళ్లో' మూడూ వేర్వేరు మాటలు. ఎవరైనా స్టెమ్మర్ల ప్రాజెక్టు స్నోబాల్‌కి తెలుగు స్టెమ్మర్ రాసిస్తే అది పోస్ట్‌గ్రెస్‌లోకి చేరే దారి ఉంది. అప్పటిదాకా మూలపదాలను అప్లికేషన్‌లోనే తీసి, విడి కాలమ్‌లో పెట్టి వెతకండి.