ఎండాకాలంలో పాలు పలచబడి, గుడ్డు పెంకు పెళుసవుతుంది. ఎందుకు?

పర్లాకిమిడిలో ఏప్రిల్ వచ్చిందంటే ఇంటింటా ఒకటే అనుమానం: పాలవాడు నీళ్లు కలుపుతున్నాడా అని. కలపడని నేను పూచీ పడను గానీ, ఎండ పాత్ర కూడా ఉంది. ఉక్కకు పశువు గడ్డి సరిగా తినదు. వెన్నకు కావలసిన ముడిసరుకులో చాలా భాగం ఆ పీచు కడుపులో పులిస్తేనే వస్తుంది. జాతి తేడా ఎలాగూ ఉంది: గేదె పాలలో వెన్న సుమారు 7 శాతం, హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్ అనే విదేశీ జాతి) సంకర ఆవు పాలలో 3.5 నుంచి 4. పైగా మొదటి ధారల్లో వెన్న తక్కువ, చివరి ధారల్లో ఎక్కువ. ఆ చివరివి దూడకు వదిలేస్తే మన గిన్నెలోకి పలచటివే వస్తాయి. పాల సాంద్రత కొలిచే లాక్టోమీటరును గుడ్డిగా నమ్మకండి. మీగడ తీస్తే అంకె పెరుగుతుంది, నీళ్లు పోస్తే తగ్గుతుంది, రెండూ చేసినవాడు దొరకడు!

గుడ్ల సంగతి వేరు. వేడికి కోడి నోరు తెరిచి రొప్పుతుంది. దాంతో ఒంట్లోని కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా పోయి, పెంకుకు కావలసిన కార్బొనేట్ తగ్గుతుంది. పగలగొట్టగానే తెల్లసొన నీళ్లలా పారితే మాత్రం చాలావరకు తప్పు ఫారానిది కాదు, కొట్టు ముందు ఎండలో పేర్చిన అట్టలది. పచ్చసొన రంగు మేతలోని మొక్కజొన్న చలవ. ముదురు రంగు చూసి బలమని ఎక్కువ ధర పెట్టకండి.