రీఅఫర్మ్ అంటే ‘నా మాట మీదే ఉన్నా’

ప్రశ్న: బీకాం ఫైనలియర్ చదువుతూ ఎస్‌ఎస్‌సీ సీజీఎల్‌కి ప్రిపేర్ అవుతున్నాను. రీఅఫర్మ్, రీఇటరేట్ రెండింటికీ ‘పునరుద్ఘాటించు’ అనే రాసుకున్నాను. తేడా ఏంటి సార్? ఇంటర్వ్యూ అయ్యాక కంపెనీకి పెట్టే మెయిల్‌లో ఏది రాయాలి?

జవాబు: తప్పు నీది కాదు తమ్ముడూ, ‘పునరుద్ఘాటించు’ది. మన పేపర్లు రెండింటికీ ఆ ఒక్క మాటతోనే సరిపెట్టేస్తాయి.

మీ అమ్మ పొద్దుట్నుంచి ‘గ్యాస్ బుక్ చెయ్‌రా’ అని మూడోసారి అంటే అది రీఇటరేట్. మీ మేనమామ నీ ఫీజు కడతానని ఎప్పుడో మాటిచ్చాడు, ఈలోగా ఆయన పంట పోయింది, అడగలేక మీ ఇంట్లో అందరికీ టెన్షన్, అప్పుడాయనే ఫోన్ చేసి ‘నేను నా మాట మీదే ఉన్నా’ అన్నాడనుకో, అదీ రీఅఫర్మ్. అంటే ముందు ఒక మాట ఉండాలి, అది ఇంకా నిలబడే ఉందని చెప్పాల్సిన అవసరం రావాలి.

1945 నాటి ఐక్యరాజ్యసమితి చార్టర్ పీఠికలో మానవ హక్కులపై నమ్మకాన్ని ‘రీఅఫర్మ్’ చేస్తున్నాం అని ఉంటుంది. రెండు ప్రపంచ యుద్ధాల తర్వాత రాసుకున్న మాట మరి, ఊరికే మళ్లీ చెబుతున్నాం అంటే చాలదు. నీ బీకాం లెక్కలో చెప్పాలంటే, కంపెనీల అప్పు తీర్చే సత్తాకి రేటింగ్ ఇచ్చే క్రిసిల్, ఇక్రా లాంటివాళ్లు ‘రేటింగ్ రీఅఫర్మ్‌డ్’ అన్నారంటే మళ్లీ పరిశీలించాం, పాత రేటింగే ఉంచాం అని.

దీని వెనక నేరుగా కమిట్‌మెంట్, సపోర్ట్ లాంటి మాట పెట్టు, లేదంటే ‘దట్’ పెట్టి వాక్యం రాయి. ‘అబౌట్’ వద్దు. ‘అగైన్’ అసలే వద్దు, ‘రీ’లోనే అది ఉంది. సీజీఎల్ టైర్-1లో తప్పు జవాబుకి అర మార్కు పోతుంది, ఇలాంటి చిన్నవాటికి పోగొట్టుకోకు.

ఇక మెయిల్. మొదటి అప్లికేషన్‌లోనే ‘రీఅఫర్మ్ మై ఇంటరెస్ట్’ అని రాసేవాళ్లు చాలామంది, అంతకుముందు చెప్పిందేదీ లేకుండా దేన్ని గట్టిచేస్తున్నట్టు? ఇంటర్వ్యూ అయ్యాక ఆసక్తి గురించి మళ్లీ చెప్పడానికి రీఇటరేట్ చాలు. ఆఫర్ వచ్చాక ‘వస్తున్నాను’ అనడానికి కన్ఫర్మ్. జాయినింగ్ డేట్ వాళ్లే రెండుసార్లు వాయిదా వేసి, ఇంతకీ వస్తావా రావా అని హెచ్‌ఆర్ అడిగితే మాత్రం రీఅఫర్మ్ సరిగ్గా అతుకుతుంది, అయినా నేనైతే అక్కడ కూడా ‘ఐ యామ్ స్టిల్ జాయినింగ్’ అని సాదాగా రాసేస్తాను.