లూథరన్ స్కూల్లో చాప్లిన్ పోస్టు వచ్చింది, చేరాలా?

ప్రశ్న: హైదరాబాద్‌లో ఆంధ్ర క్రిస్టియన్ థియోలాజికల్ కాలేజీలో బీడీ (దైవశాస్త్రంలో డిగ్రీ) పూర్తిచేశాను. మా జిల్లాలోని ఒక లూథరన్ హైస్కూల్‌కి చాప్లిన్‌గా, అంటే పిల్లల, సిబ్బంది ఆధ్యాత్మిక బాగోగులు చూసే పాస్టర్‌గా రమ్మంటున్నారు. హాస్టల్ కూడా ఉంది. పిల్లల్లో సగానికి పైగా హిందువులు, ముస్లింలు. ‘చర్చి సంఘం వదిలి బడికి పోతే పాస్టర్‌గా ఎదగవు’ అని నాన్నగారు అంటున్నారు. చేరమంటారా? చేరితే ముందు ఏం చూసుకోవాలి?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: చేరండి. లూథరన్లకు బడి ఎప్పుడూ సంఘానికి బయటి పని కాదు. మగపిల్లలతో పాటు ఆడపిల్లలకూ బడులు పెట్టమని 1524లోనే లూథరన్ శాఖకు మూలపురుషుడైన మార్టిన్ లూథర్ జర్మనీ పట్టణాల పాలకులకు రాశారు. 1842లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ హెయ్యర్ కూడా సువార్తతో పాటు బడులు నడిపారు. ఈ మాట నాన్నగారికి చెప్పండి. అయితే ఆయన భయంలో కొంత న్యాయం ఉంది. స్కూల్లో పనిచేసిన కాలాన్ని ఆర్డినేషన్‌కి (పాస్టర్‌గా అభిషేకానికి), సీనియారిటీకి లెక్కిస్తారా, తర్వాత సంఘానికి మారవచ్చా అన్నది బిషప్ ఆఫీసులో అడిగి, కాగితం మీద తీసుకోండి. జీతం మేనేజ్‌మెంట్ ఇస్తుందా, పీఎఫ్, ఇల్లు ఉన్నాయా అన్నవి కూడా చేరకముందే తేల్చుకోండి.

అంతకంటే ముఖ్యం, మీ డ్యూటీలు ఏమిటన్నది. కొత్త చాప్లిన్ ఖాళీగా ఉన్నాడనుకుని ఫీజు బకాయిల ఫోన్లు, క్రమశిక్షణ కమిటీ, హాస్టల్ రాత్రి హాజరు అన్నీ అప్పగించే అవకాశం ఉంది. అసెంబ్లీలో వాక్యం చెప్పండి, నైతిక విద్య క్లాసు తీసుకోండి. కానీ మార్కులు వేయడం, శిక్షలు వేయడం మాత్రం వద్దని కరస్పాండెంట్‌కి, హెచ్ఎంకి మొదట్లోనే మర్యాదగా చెప్పండి. పదో తరగతి టెన్షన్‌లో ఉన్న పిల్లాడు, ఇంట్లో గొడవలతో నిద్రపట్టని అమ్మాయి ధైర్యంగా వచ్చి కూర్చోవాలంటే, తన ప్రోగ్రెస్ కార్డు చేతిలో లేని పెద్దమనిషి బడిలో ఒకరుండాలి. ఆ ఒక్కరూ మీరే కావాలని నా కోరిక. టీచర్లకూ అలాంటి మనిషి అవసరమే. మొదటి నెలల్లో ప్రసంగాల మీద కంటే స్టాఫ్‌రూమ్‌లో, హాస్టల్ భోజనాల దగ్గర ఎక్కువ సమయం గడపండి. వాచ్‌మన్‌ని, ఆయాని పేరు పెట్టి పలకరించండి. పిల్లల సంగతులు చాలాసార్లు వాళ్లకే ముందు తెలుస్తాయి.

ఇతర మతాల పిల్లల విషయంలో చట్టం స్పష్టంగా ఉంది. రాజ్యాంగంలోని 28(3) అధికరణం ప్రకారం ప్రభుత్వ గుర్తింపు గానీ, ఎయిడ్ గానీ ఉన్న బడిలో మతబోధకు, ఆరాధనకు ఎవరినీ బలవంతంగా కూర్చోబెట్టకూడదు. మైనర్లయితే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. అడ్మిషన్ అప్పుడు అది తీసుకుంటున్నారా, రానివాళ్లు ఆ సమయంలో ఎక్కడ ఉంటారు అని కనుక్కోండి. వాళ్లను ఎండలో నిలబెట్టే పద్ధతి ఉంటే వెంటనే మాన్పించండి. మీ దగ్గరికి మాట్లాడటానికి వచ్చిన పిల్లల మతం మార్చే ప్రయత్నం చేయకండి. బాధలో ఉన్న పిల్లల బలహీనతను అలా వాడుకోవడం తప్పు.

ఇంకొక విషయం బీడీలో ఎంత చెప్పినా మళ్లీ చెబుతాను. పిల్లల్లో ఎవరికీ ‘నువ్వు ఏం చెప్పినా ఎవరికీ చెప్పను’ అని మాట ఇవ్వకండి. ‘నీకు గానీ, ఇంకొకరికి గానీ ప్రమాదం ఉందంటే చెప్పాల్సి వస్తుంది, చెప్పేముందు నీకు చెబుతాను’ అనండి. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం, 2012 ప్రకారం పిల్లలపై లైంగిక వేధింపు జరిగిందని తెలిసినవాళ్లు పోలీసులకు తెలియజేయాలి. తెలియజేయకపోతే ఆరు నెలల వరకు జైలుశిక్ష పడవచ్చు. మేనేజ్‌మెంట్‌తో చెప్పి ఊరుకుంటే సరిపోదు. స్కూల్ పరువు, చర్చి పరువు అని ఎవరు ఎంత ఒత్తిడి చేసినా ఇక్కడ వెనక్కి తగ్గకండి. పిల్లలతో మాట్లాడే గది తలుపు తెరిచి ఉంచండి, లేదా బయటివాళ్లకు కనబడే చోట కూర్చోండి. అది పిల్లలకూ మీకూ రక్షణే. చైల్డ్‌లైన్ 1098, మానసిక సమస్యలకు టెలీ మానస్ 14416 నంబర్లు నోటీసు బోర్డు మీద పెట్టించండి.

కౌన్సెలింగ్‌లో శిక్షణ పెంచుకోవాలనుకుంటే వెల్లూరు సీఎంసీ ఆసుపత్రిలో పాస్టోరల్ కేర్ (బాధలో ఉన్నవారికి ఆధ్యాత్మిక ఆసరా ఇవ్వడం) శిక్షణ గురించి కనుక్కోండి. రేపు మీరు సంఘానికి మారినా, ఆసుపత్రి చాప్లిన్‌గా వెళ్లినా ఈ శిక్షణ పనికొస్తుంది. ఈ సంగతి కూడా నాన్నగారికి చెప్పండి.